అప్పు, ఋణం

పెరంబూరులో జనవరి చివరి గురువారం
మూడు సంఘాల వాళ్లం ఒకే గదిలో కూర్చున్నాం.
కుర్చీలు మావి, టీ వాళ్లది.
కురియాకోస్ అచ్చన్ గారు తెచ్చిన అరటికాయ చిప్స్
ఏ సిద్ధాంతానికీ చెందవు కాబట్టి
ముందు అవే అయిపోయాయి.

మా మామ్మ ఉంటే ఈ గుమ్మం ఎక్కనిచ్చేది కాదు.
రోమన్ వాళ్ల గుడి వచ్చేసరికి
రోడ్డు దాటి అవతలి వైపు నడిచే మనిషి.
కొవ్వొత్తి వాసన తగిలినా
కొంగు ముక్కుకు అడ్డం పెట్టేది.

వాళ్ల నాయనమ్మ మమ్మల్ని ఏమనేదో
ఆ సాయంత్రం దాకా రాయప్ప చెప్పలేదు.
మునిగిన కోళ్లు, అనేదట.
నవ్వొచ్చో లేదో అని ఎజ్రా పాస్టరు గారి వైపు చూశాను.
ఆయన అప్పటికే టీ గ్లాసులోకి నవ్వేశారు.

రైలుపెట్టెల కార్ఖానాలో
ముప్పై ఒక్క ఏళ్లు ఒకే బెంచీ, రాయప్పా నేనూ.
అతని డబ్బాలో వంజరం ముక్క నాది,
నా డబ్బాలో గోంగూర అతనిది.
దేవుడి మాట మాత్రం
ఇద్దరం మూత తీయని గిన్నె.

ఇప్పుడు పక్కపక్కన నిలబడి
అందరికీ వచ్చిన ప్రార్థనే మొదలుపెట్టాం.
తండ్రి దగ్గర కలిశాం.
క్షమాపణ దగ్గరికొచ్చేసరికి
నేను ఋణాలన్నాను, అతను అప్పులన్నాడు,
అచ్చన్ గారు మలయాళంలో ఇంకేదో అన్నారు.
పట్టాలు మారేచోట పెట్టెలా
గది ఒక్కసారి ఊగింది.

ఋణమంటే తాతల నాటిదనిపిస్తుంది,
అప్పంటే వీధి చివర కొట్లో రాసి ఉంటుంది.
ఏది మాఫీ చేయడం కష్టమో
ముగ్గురు గురువులూ తేల్చలేదు.

రాయప్పే అన్నాడు:
"వరదొచ్చిన ఏడు మా మోటారు తీసుకెళ్లారు,
మీ బాప్తిస్మం తొట్లో మురుగు తోడడానికి.
ఇంకా మీ స్టోరు గదిలోనే ఉంది."

అన్నీ తేలలేదు.
మొదటి ఆదివారం మా బల్ల దగ్గర
పళ్లెం అతని చేతుల మీదుగా
ఏమీ తరగకుండా నా దగ్గరికొస్తుంది.
వాళ్ల పూజలో అందరూ వరుస కడితే
నేను బెంచీలో ఒక్కణ్నే
మోకాళ్లు పక్కకు తిప్పి దారి ఇస్తాను.
ఆ ఆకలికి ఏ కమిటీ ఇంకా పేరు పెట్టలేదు.

శనివారం మోటారు తుడిచి, నూనె పోసి
ఆటోలో వేసుకెళ్లాను.
గేటు దగ్గర రాయప్ప దాన్నోసారి తిప్పి చూసి
మళ్లీ ఆటోలోకే ఎత్తాడు.
"ఉంచు. అక్టోబరు రాక మానుతుందా?"

వచ్చిన దారినే తిరిగొచ్చాను,
ఒళ్లో అప్పుతో.
ఋణమన్నా సరే.