కుట్టు మిషను గుర్తు

మొదటి ఎలక్షనుకి బైచప్పకి దొరికింది కుట్టు మిషను.
రెండోసారి అదే అడిగితే
ఇంకెవరో ముందే పట్టుకుపోయినారంట,
టార్చిలైటు ఇచ్చినారు.
మూడోసారి ఈల.
పార్టీవాళ్ళకి తాతలనాటి గుర్తుంటుంది.
ఒంటిగాడికి ప్రతిసారీ బారసాలే.

మూడుసార్లూ హొసకోటె రోడ్డు పొడుగునా
గోడలు రాసింది నేనే.
మిషను బొమ్మ కష్టం.
చక్రం గుండ్రంగా రావాలంటే
మేకుకి దారం కట్టి తిప్పాల.
సూది దగ్గర చెయ్యి వణికేది.
"సూది కనపడకపోతే మానె నంజుండా,
చక్రం తిరుగుతా ఉన్నట్టుండాల" అనేవాడు,
బోరింగులు రిపేరి చేసిన నల్లటి గోళ్ళతో
నిచ్చెన పట్టుకొని.

రెండువందల పన్నెండు ఓట్లతో గెలిచినాడు.
విధానసౌధ మెట్లెన్నో
ఆ సాయంత్రం లెక్క చెప్పినాడు.
ఒకటి తప్పినాడని నాకు ఇప్పటికీ అనుమానం.

లోపల చివరి వరస, స్తంభం పక్క సీటు.
టైము తలకాయల లెక్కన పంచుతారు,
ఒక తలకాయకి రెండు నిమిషాలు.
కబ్బన్ పార్కులో వెదురు పొద కింద
గడియారం నా చేతికిచ్చి
రెండు నిమిషాల్లో మాట్లాడటం నేర్చుకున్నాడు.
"సన్మాన్య సభాధ్యక్షరే" అనేదానికే
సగం ఊపిరి పోతాదని
"అధ్యక్షరే" చేసినాడు.

పదేండ్లు అడిగింది ఒకటే:
మా కాలనీ శవాలకి దారి.
స్మశానం ఉంది, దారి లేదు.
మధ్యలో ద్రాక్షతోట.
వానాకాలం పాడెని కంచె మీదుగా అందించుకునేవాళ్ళం,
బస్సు కిటికీలోంచి సీటుకి తువ్వాలు వేసినట్టు.
మంత్రి లేచి "పరిశీలనలో ఉంది" అని కూర్చునేవాడు.
ఆ మాట చెప్పను నలుగురు మంత్రులు మారినారు.

తర్వాత ఆ జూన్ నెల.
ఇటు ఒకటి తక్కువ, అటు రెండు తక్కువ.
రాత్రికి రాత్రి బైచప్ప బరువెక్కినాడు.
శాసకర భవన ముందు కార్లు.
పేరు నోరు తిరగనోళ్ళు కూడా "బైచప్పణ్ణా" అన్నారు.
దేవనహళ్ళి దాటి ఏదో రిసార్టులో మూడు రాత్రులు.
ఈతకొలను పక్క కూర్చోని నాకు ఫోను చేసినాడు:
"నీళ్ళు ఊరికే ఉండాయిరా, ఎవరూ దిగలే."

మంత్రి పదవి అడగమన్నారంట,
పోనీ ఏదన్నా బోర్డు.
ఈయన జేబులోంచి కాగితం తీసి
సర్వే నెంబరు చదివినాడంట.
వాళ్ళు చానాసేపు నవ్వి,
అంతేనా అని మళ్ళీ అడిగి,
అనుమానంగానే సంతకం పెట్టినారంట.

చెయ్యెత్తినాడు.
ప్రభుత్వం నిలబడింది, పద్నాలుగు నెలలు.
దారి పడింది, పన్నెండు అడుగుల తారు.
అది పడినందుకే ఎవరూ నమ్మలేదు.
"శవాలకే తారు వేయించినోడు
ఇంటికెంత వేసుకొనుంటాడో"
అని టీ అంగడి లెక్క.
మా ఆడమనిషి కూడా అడిగింది, మెల్లిగా,
నీకేమన్నా ఇచ్చినాడా అని.
ఇచ్చినాడు. పెయింటు బాకీ, సగం.
ఆ మూడు రాత్రుల సంగతి నేను అడగలేదు.
అడిగుంటే చెప్పేవాడేమో.

ఈల గుర్తుకి డిపాజిట్టు పోయింది.
మా కాలనీ బూతులో ముప్పై ఒకటి.
"ఎంత ఊదినా ఎవరూ తిరగలేదప్పా"
అని ఆయనే నవ్వినాడు.

ద్రాక్షతోట ఇప్పుడు అపార్ట్‌మెంటు.
ఆ దారి మీదికే గేటు పెట్టుకున్నారు.
శవం పోతా ఉంటే సెక్యూరిటీవాడు
రిజిస్టర్లో ఏం రాయాలో తెలీక
పెన్ను పట్టుకొని నిలబడతాడు.

గోడలకి సున్నం కొట్టమన్నప్పుడు
కొట్టింది కూడా నేనే, కూలికి.
రాగిమిల్లు గోడ మీద మాత్రం
సున్నం పెచ్చులూడి
మొదటి మిషను బయటపడింది.
సూది లేదు, చక్రం ఉంది.
దాని కింద అరుగు మీద బైచప్ప
పేపరు అడ్డంగా మడిచి చదువుకుంటా ఉంటాడు.

నిన్న ఒకామె, కవర్లో రవిక,
గోడని చూసి, ఆయన్ని చూసి,
"అన్నా, ఇక్కడ కుట్టేది నువ్వేనా?" అనింది.
కండ్లజోడు సర్దుకొని, రవిక తీసి
వెలుగులోకి పట్టి చూసినాడు.
చంక దగ్గర కుట్టు ఊడింది.
జాగ్రత్తగా మడిచి వెనక్కిచ్చి,
"ముందుకి పోమ్మా, రేషన్ అంగడి పక్క సందు.
బైచప్ప పంపినాడని చెప్పు" అన్నాడు.