బెండు

కావలి రైలుగేటుకు ఇవతల
చెంచయ్య సైకిలు షాపంటే నాదే.
ఒక తడిక, గాలిపంపు, గమేళాలో నీళ్లు,
చక్రాన్ని బిగించి తిప్పే స్టాండు.
ముప్పై ఏళ్లుగా బెండ్లు తీస్తా ఉండా.

డిప్లమా చదివే షమీల
జూన్ ఎండలో వచ్చింది,
చేతిలో రెండు ముక్కలైన ఈటె.
"మిద్దె మీద తిప్పతా ఉంటే ఇరిగింది మామా."
నవ్వబోయి ఆగినా,
ఆ పిల్ల మొహంలో నవ్వు లేదు.
ఇది మూడోదంట.

మొదటిది నీళ్ల పైపు,
తిప్పితే వానపాము మాదిరి వంగింది.
రెండోది సరుగుడు కర్ర,
మణికట్టు వాచి
పరీక్షలో సగం కాయితం తెల్లగానే ఇచ్చింది.
మూడోది అట్ట అలుగు, వెండి రంగు, బోలెడు జిగురు.

ఎవురి ఈటె ఇది అనడిగితే
ఏదో బొమ్మల కథలో కావలిపిల్లదంట.
"మనూరి పిల్లా?"
"కాదు మామా, కోటకి కావలి కాసే పిల్ల."
ఆగస్టులో చెన్నపట్నంలో
ఇట్టాంటి వేషాలోళ్లంతా కలుస్తారంట.
ఇనుము గేటు కాడే లాక్కుంటారంట,
అయినా తిప్పితే ఈల వెయ్యాలంట.

ఈటెల సంగతి నాకేం తెలుసు?
తిరిగే వాటి సంగతి తెలుసు.
చక్రాన్ని ఊరికే వదిలేస్తే
బరువు పక్క తనంతట తనే కిందికొచ్చి ఆగుద్ది,
తప్పు ఒప్పుకున్న పిలకాయ మాదిరి.
ముక్కల్ని గుడ్డతో కట్టి
చూపుడువేలు మీద పెట్టా.
అలుగు మొగ్గి నేల నాకింది.
"మేయ్, నీ చెయ్యి ఒక చోట ఉండాది,
దీని నడుము ఇంకో చోట."

లోపల గట్టి వెదురు, పైన పైపు,
రెంటి మధ్య సందులో పాత ట్యూబు చుట్టి
సబ్బునీళ్లు పూసి దిగ్గొట్టాం.
అలుగుకి హవాయి చెప్పుల షీటు,
జీలుగు బెండంత తేలిక.
(నేను తీసే బెండు వేరు,
ఈ బెండు వేరు. ఆ పిల్లకి చెప్తే
రెండూ ఒకటే మామా అనింది.
దేనికి అట్టా అనిందో ఇప్పటికీ తెలవలా.)
అలుగు వాలకుండా
లోపల సైకిలు పుల్ల పెడదామన్నా.
"పక్కనోళ్ల కంట్లో దిగితే?"
గమ్మునై వెదురు పేడు చెక్కినా.

తోకకి బరువు కావాలి.
జువ్వలదిన్నెలో వలలు అల్లే
పామంజి జాలయ్య కాడ
గుప్పెడు సీసపు గుండ్లు తెచ్చింది.
చేపల వాసన పోలా వాటికి.
ఒక్కో గుండు వెయ్యడం, వేలు మీద పెట్టడం.
ఆరు గుండ్లకి తల మొగ్గింది,
ఏడుకి తోక.
ఏడోదాన్ని సుత్తితో సగం చేశా.
ఈటె పడుకుంది నా వేలు మీద,
అలిసిపోయిన తూనీగ లాగా.
ఊపిరి బిగబట్టి
అక్కడ గోళ్లరంగుతో చుక్క పెట్టింది షమీల.

గేటు పడింది. పినాకిని వచ్చే యాల.
వడ్ల లారీ, బైకులు, రొయ్యల మేత ఆటో,
ఎవురికీ పనిలేని ఆ నాలుగు నిమిషాల్లో
రోడ్డు మధ్యకు పోయి తిప్పింది.
మణికట్టు దాటి, మెడ వెనక నుంచి,
ఎగరేసి, జారి, తారు మీద ఠంగుమని పడి
మళ్లీ లేచి.
ఆటోలో ముసలామె
"దిష్టి తీస్తా ఉండావా అమ్మే?" అనింది.
ఈల వేసిందో లేదో
రైలు కూతలో ఎవురికీ వినపళ్లా.

ఆగస్టు పోయింది.
ప్రైజు మదరాసు పిలకాయలెవురికో వచ్చిందంట.
"గంట సేపు తిప్పినా మామా. ఇరగలా."
అలుగు కొస మాత్రం ఎలక కొరికినట్టు ఉండాది.
అతికించమని వదిలి
బస్సుకు టైమైందని పరిగెత్తింది.

దీపం తీసేసే ముందు
ఎర్రచుక్క కాడ పట్టుకున్నా.
గేటు కాడ ఎవురూ లేరు.
ఒకసారి తిప్పినా,
మోకాలి చిప్ప మీద ఠపీమని తగిలింది.
అమ్మా అనుకుని
స్టాండు పక్కకి జరిపి
ఇంకోసారి తిప్పినా.