ఏడో ప్రశ్న

ఫారానికి ముప్పై రూపాయలన్నారు.
గాలివాన పోయిన పన్నెండో నాడు
వజ్రపుకొత్తూరు దారిలో
అడ్డం పడ్డ కొబ్బరి మొదళ్ళు దాటుకుంటూ
ఇల్లిల్లూ తిరిగేను.

ఆడవాళ్ళకి గులాబీ కాగితం, మగవాళ్ళకి తెల్లది.
లోపల ప్రశ్నలు అవే.
ఏడోది: ఇప్పుడు మీకు దేనికి ఎక్కువ భయం?

మగవాళ్ళు రోడ్డు వైపు చూసి చెప్పేరు.
ఆడవాళ్ళు చేతిలో పని ఆపకుండా చెప్పేరు.
ఈపాటి తేడా నా కళ్ళతో చూసేను, కాదనను.
ఆడమనిషిని అడిగితే
అరుగు మీంచి మొగుడు జవాబిచ్చేడు.
మగమనిషిని అడిగితే
పెళ్ళాం చేటలో బియ్యం
అవసరానికి మించి చెరిగింది.

మూడో ఊళ్ళో గులాబీవి అయిపోయాయి.
అందరివీ తెల్లవాటి మీదే,
అన్నది అన్నట్టే రాసేను.
ఆడా మగా గడిలో టిక్కు పెట్టడం
ఆ ఎండలో మరిచిపోయేను.

టెక్కలి ఆఫీసులో సారు విసుక్కున్నాడు:
"మాట తీరు బట్టి తెలీదేటమ్మా? వేరు చేసీ."
వేరు చేసేను.

"కూలిన జీడిచెట్టు కొమ్మకి
పాప ఉయ్యాల తాడు అలగే ఉంది.
ఇప్పడానికి సెయ్యి రాట్లేదు."
ఇది ఆడవాళ్ళ కట్టలో.
"బయమేటి? రంపముంటే తెండి,
సెట్టు కోసుకుంతాం."
ఇది మగవాళ్ళ కట్టలో.

రాత్రి బస్సులో, పలాస దాటేక, గుర్తొచ్చింది.
తాడు మాట ఖగేశ్వరరావుది.
చెబుతూ చెబుతూ తుండుగుడ్డతో
తుడవక్కర్లేని సైకిలు సీటు తుడిచేడు.
రంపం అడిగింది తవిటమ్మ,
కత్తిపీట మీద బొటనవేలు ఆనించి
పదును చూసుకుంటూ.

తిరిగి వెళ్ళి సరిదిద్దలేదు.
డబ్బులింకా చేతికి రాలేదు.

ఫారంలోకి ఎక్కనివి వేరే ఉన్నాయి.
తవిటమ్మ ఇల్లు దాటి సందు మలుపు తిరిగేక
ఆవిడ మొగుడు వెనకాలే వచ్చేడు, చెప్పుల్లేకుండా.
"అది అలగే అంటాది గానీ
నాలుగు దినాలై అన్నం నోట పెట్టనేదు.
అదీ రాయండి."
ఖగేశ్వరరావు పెళ్ళాం
బోరింగు దగ్గర బిందె దింపి
చుట్టూ ఓసారి చూసింది.
"రాత్తిళ్ళు లేచి కూకుంతన్నాడు.
నాను నిద్దరోయినట్టు ఉంతాను.
నాకు తెలుసని ఆడికి తెలీకూడదు."

అంత జాగ్రత్తగా దాచిన ఎదటి మనిషి భయాన్ని
దారిన పోయే నా చేతిలో పెట్టేరు.
దానికి గడి లేదు.
కాగితం వెనక రాద్దామనుకున్నాను.
వెనక ఆఫీసు ముద్ర ఉంది.

మందస చేరేసరికి పది దాటింది.
మా వీధికి కరెంటు ఇంకా రాలేదు.
గుమ్మంలో లోకనాథం పక్కన చతికిలబడి
ఏడో ప్రశ్న అడిగేను.
"ముందు నువ్వు చెప్పు."
"అడిగింది నేను."
చాలాసేపు కప్పలే మాటాడేయి.
చీకట్లో దోమని చరిచిన చప్పుడు.
కొట్టింది నేనో తనో.