తొంభై మీటర్ల గడి

తొంభై మీటర్ల పొడవు, తొంభై మీటర్ల వెడల్పు.
గడికి ఒక్కటే ఎత్తు.
ఈ గడిలో ఫెలిజార్దా ఇల్లుంది, మేకల దొడ్డి ఉంది,
వరి మడి, రైలు కట్ట, కట్ట వారగా బురదగుంట.
అన్నిటినీ కలియబెట్టి
ఉపగ్రహం రాసిన అంకె ఐదు.

మడి నాలుగున్నర. కట్ట ఎనిమిది. గుంట మూడు.
ఐదు మీద ఎవరి కాపురమూ లేదు.

బెయిరాలో, ఫ్యాను తిరగని గదిలో
పుంగ్వే నదిని తెరమీద పొంగించాను.
కట్ట లేదు గనక నీళ్లు
గచ్చు మీద ఒలికిన నూనెలా పరుచుకుని
సముద్రం వైపు జారిపోయాయి.
నివేదికలో రాశాను:
లోతు మోకాలు, ముంపు ఒక్క రోజు.

నీరు పల్లమెరుగు అంటాం.
తెరమీది నీటికి నేను చెప్పిందే పల్లం.

మార్చిలో అసలు నీళ్లు వచ్చి
కట్టకి వీపు ఆనించి
పదకొండు రోజులు కూర్చున్నాయి.

తర్వాత వెళ్లాను, మ్యాపు చుట్టి చంకలో పెట్టుకుని.
"ఇక్కడో గుట్ట ఉండాలి, పద్నాలుగు మీటర్లు.
వరదొస్తే దానిమీదికి వెళ్లమని రాశాం."
ఫెలిజార్దా తలెత్తింది. నేనూ ఎత్తాను.
కొబ్బరి చెట్లు.
"మా అత్త నాటింది," అంది. "ఎక్కమన్నది మీరేనా?"
నవ్వలేదు.
ఆమె మరిది జాసింతు ఎక్కాడట.
రెండు రాత్రులు మట్టల మధ్య,
ఉపగ్రహం నేలనుకున్న చోట.

రెండేళ్లకి విమానం వచ్చింది, లేజరు చుక్కలు చల్లుకుంటూ.
ఆకుల సందుల్లోంచి దూరి
మట్టిని ముట్టుకుని వెనక్కి వెళ్లింది వెలుగు.
ఇప్పుడు మీటరుకో గడి.
కట్ట లేచింది. గుంట దిగింది.
ఒక్క వరదని నడపడానికి కంప్యూటరుకి
పంతొమ్మిది రాత్రులు పట్టింది,
వరద కంటే ఎక్కువ.

మేకల దొడ్డి వెనక
మూడు గడుల వెడల్పున ఒక బొడిపె.
లేజరు పొరపాటనుకుని తుడిచేయబోయి
ఫోన్ చేశాను.
"చెదపుట్ట. మా మేకలు బతికింది దానిమీదే."
ఉంచాను.

అయినా కట్ట వెనక నీళ్లు
తెరమీద ఇరవై రోజులైనా కదల్లేదు.
అంత స్పష్టంగా కనబడ్డ కట్ట
ఈసారి గోడైపోయింది.

ఫెలిజార్దా నడుములోతు గడ్డిలోకి దిగి
కర్రతో పొడిచి చూపించింది. తూము.
పోర్చుగీసువాళ్ల నాటిది, సగం పూడింది.
ఆకాశం నుంచి చూసే కంటికి
గడి మీటరైనా ఒకటే, జానెడైనా ఒకటే,
కట్ట పొట్టలోది కనబడదు.

టేపు ఒక కొస ఆమె పట్టుకుంది.
డెబ్బై రెండు సెంటీమీటర్లు. రాసుకున్నాను.
"పూడిక తీస్తారా, రాసుకునే పోతారా?"

ఆ రాత్రి తెరమీద
కట్టకి చేత్తో కన్నం పెట్టాను.
పదకొండో రోజుకి నీళ్లు దిగిపోయాయి, సరిగ్గా.

అక్కడ పూడిక అలాగే ఉంది.