తిరిగొచ్చిన ఆస్తి

వీలునామాలో నా పేరున్న చోట
సిరా అలుక్కుంది, ఇడ్వల్.
టీ కప్పు పెట్టి ఉంటావు.
ఆ గోధుమరంగు వలయంలో ఇరుక్కుని నేను:
"దీన్ని అమలు జరపవలసినవాడు గెథిన్."
ముప్పై ఏళ్ళు ఈ లోయలో బస్సు నడిపాను,
ఎవర్ని ఏ స్టాపులో దించాలో తప్ప
నాకేం తెలుసని?

బ్యాంకువాళ్ళు ఫోన్లో సంతాపం చెప్పి
నలభై నిమిషాలు సంగీతం వినిపించారు.
ప్రొబేట్ కాగితం రానిదే
నీ ఖాతాలో పెన్నీ కదలదట.
కరెంటు కంపెనీ మాత్రం నేరుగా నీకే రాసింది:
"మీరు మమ్మల్ని వదిలి వెళ్తున్నందుకు విచారిస్తున్నాం."

రొట్టెల దుకాణం మేడ మీద
లాయరు నెస్ట్ ప్యూ గది.
మెట్లెక్కేసరికి కోటుకి పులిసిన పిండి వాసన.
నా ప్లాస్టిక్ సంచీని బల్ల మీద బోర్లించి
రసీదుల్నీ బెదిరింపు ఉత్తరాల్నీ
పేకముక్కల్లా వేరు చేసింది.
"ముందు అంత్యక్రియల ఖర్చు. తర్వాత అప్పులు, పన్ను.
ప్రేమగా రాసినవన్నీ చివర్న,
ఏమైనా మిగిలితే."
నవ్వకుండానే అంది.

చచ్చినవాడి కళ్ళు చారడేసి అంటారు.
లెక్కల్లో నీవి మామూలు కళ్ళే,
కళ్ళజోడు దుకాణానికి నలభై రెండు పౌన్లు బాకీ.

నీ తమ్ముడు ఎమ్లిన్ వానలో వచ్చి తలుపు కొట్టాడు.
గోడ గడియారం తనకిస్తానన్నావట.
"ఆరు నెలలు ఆగాలి" అన్నాను.
"మా ఇంటి గడియారానికి నువ్వెవడివి?" అన్నాడు.
ఆ రాత్రంతా నిజంగానే ఆలోచించాను, నేనెవణ్ణని.
పొద్దున్నే నెస్ట్ నా బదులు ఒక ఉత్తరం రాసింది,
మర్యాదగా, మూడు పేరాల్లో, "కాదు" అని.
ఆ "కాదు" ఖరీదు తొంభై పౌన్లు.
చవకే అనిపించింది.

ఇక పావురాలు.
జాబితాలో రాయాలి కదా: పందెపు పావురాలు, ఇరవై మూడు.
క్లబ్బు కార్యదర్శి వచ్చి
నీలపు పెట్టకి రెండు వందలు కట్టాడు,
మిగతావాటికి పదేసి,
కుంటిదానికి సున్నా.
హెర్‌ఫర్డ్ నుంచి ఒకాయన వచ్చి
సున్నాని వదిలేసి
తక్కినవన్నీ బుట్టల్లో సర్దుకుపోయాడు.
డబ్బు ఖాతాలో వేశాను. రసీదు సంచీలో వేశాను.

పదకొండో రోజు నీ గూటి కప్పు మీద
తొమ్మిది.
తడిసి, వరసగా,
తాళం తియ్యమన్నట్టు నన్ను చూస్తూ.

నెస్ట్‌కి ఫోన్ చేశాను.
"అమ్మేశారు కదా, అవి కొన్నాయనవి."
"ఆ సంగతి వాటికెవరు చెప్పాలి?"
అటువైపు చాలాసేపు మాట లేదు.
కింద రొట్టెల పళ్ళేలు జరుపుతున్న చప్పుడు వినిపించింది.
నిమిషాల చొప్పున బిల్లు వేసే మనిషి,
ఆ నిమిషాలకి మాత్రం వెయ్యలేదు, తర్వాత చూశాను.

బుట్టలో పెట్టి తిరిగి తీసుకెళ్ళి ఇచ్చాను.
పెట్రోలు పద్దెనిమిది పౌన్లు, రాసుకున్నాను.
"వీటినిక బయటికి వదలకూడదు" అన్నాడాయన,
"పిల్లలకైతే ఇదే ఇల్లవుతుంది."

నిన్న ఆఖరి లెక్క మీద సంతకం చేశాను.
గడియారం నువ్వు రాసినట్టే చర్చికి వెళ్ళింది.
ఎమ్లిన్ ఇప్పుడు ప్రతి ఆదివారం వెళ్తున్నాడట,
దేవుడి కోసమో, టైము చూడ్డానికో.
శుక్రవారం ఇంటి తాళాలు కొత్తవాళ్ళకి.

కుంటిది మా పెరట్లో ఉంది.
వాన తెరిపిచ్చినప్పుడల్లా మీ కప్పు మీదికి ఎగిరి
కాసేపు కూర్చుని వస్తుంది.
నీ గింజల డబ్బా, విలువ యాభై పెన్సులు,
నేనే కొనుక్కున్నాను.
ఆడిస్తే దిగుతుంది.
గింజలు అయిపోతే మొన్న బజారు నుంచి తెచ్చాను.

ఆ రసీదు సంచీలో వెయ్యలేదు.