అరసున్న

ఐలీ పేరు చివర రెండక్షరాలు ఊరికే కూర్చుని ఉంటాయి.
రాస్తారు, పలకరు.
డండీ బడిలో మొదటి రోజు వాటినీ పలికేశాను,
రాసిందంతా చదివే భాషలోంచి వచ్చినదాన్ని కదా.
క్లాసంతా నవ్వింది. అందరికంటే గట్టిగా ఐలీ.
ఆ మధ్యాహ్నమే నా పేరు నేర్చుకుంది,
సంహిత, సున్న మింగకుండా.

నవంబరులో ఇక్కడ మూడున్నరకే చీకటి.
బస్సు పై అంతస్తు, ముందు సీటు మాది.
అద్దం మీది ఆవిరిలో కుక్కల్ని గీసేది.
మా స్టాపు వచ్చేలోపు వాటి కాళ్లు కారిపోయేవి.
ఆ నెల గీయడం మానేసింది.
నేను గమనించలేదు.
గమనించానేమో, చలి అనుకున్నాను.

ప్రతిదానికీ వాదించే పిల్ల
ప్రతిదానికీ సరే అంటోంది.
చిప్స్ మీద సాసు వద్దా? సరే.
నీతో మాట్లాడను పో. సరే.
జుట్టు నాలుగు రోజులుగా అదే ముడి.
"కొంచెం నవ్వవే" అన్నాను ఒకసారి.
నవ్వింది.
ఆ నవ్వు చూశాక మళ్లీ అడగలేదు.

శుక్రవారం తన హాకీ కర్ర నాకిచ్చేసింది.
"ఉంచుకో. నాకెందుకింక."
ఎగురుకుంటూ ఇంటికి తెచ్చాను.
అమ్మ ఉల్లిపాయలు తరుగుతూ
"కొత్తదే కదే, ఎందుకిచ్చింది?" అంది.
కత్తి ఆగింది.
నా లోపల ఎక్కడో మెట్టు తప్పింది.

ఆదివారాలు అమ్మ నాకు తెలుగు చెప్పే పాత పుస్తకంలో
అక్షరాల పక్కన సగం తెగిన సున్న ఒకటి ఉంటుంది.
ఎవరూ పలకరు.
"మరి రాయడమెందుకు?"
"అక్కడొకటి ఉందని."

సోమవారం బస్సులో అడిగాను. నాలుక పిడచకట్టింది.
"ఐలీ, చచ్చిపోవాలనిపిస్తోందా?"
డ్రైవరు బ్రేకు వేశాడు. వెనక ఎవరిదో గొడుగు దొర్లింది.
చాలాసేపటికి, "కొన్ని రాత్రులు" అంది.
"ఎవరికీ చెప్పకు. ఒట్టు."
ఒట్టేశాను.
తెల్లారాక ఆ ఒట్టు తీసి గట్టున పెట్టి
మిసెస్ గత్రీ గదిలో ఎక్కిళ్లు పెడుతూ అంతా చెప్పాను,
కర్ర సంగతితో సహా.

క్లైప్, అంది నన్ను.
వాళ్ల ఊరి మాట, చాడీలు మోసేదని.
ఆ తర్వాత పందొమ్మిది రోజులు అది కూడా అనలేదు.
రాత్రిళ్లు మెసేజీలు పెట్టేదాన్ని,
జవాబు అక్కర్లేనివి చూసి:
ల్యాబులో ఫైర్ అలారం మోగింది.
ఇవాళ క్యాంటీన్లో పైలన్నీ మాడ్చేశారు.
టిక్కులు రెండూ నీలంగా మారేవి.
చాలు, ఆ రాత్రికి.
బుధవారాలు వాళ్ల నాన్న డాక్టరు దగ్గరికి తీసుకెళ్తున్నాడని
ఎవరో చెబితే విన్నాను.

ఫిబ్రవరిలో, వెలుతురు ఐదింటిదాకా ఓపిక పడుతున్న రోజుల్లో,
నా పక్కన బ్యాగొకటి ధబ్బున పడింది.
థాంక్స్ లేదు. సారీ లేదు.
"నా కర్రేది?"
"మంచం కింద."
"గ్రిప్పు పాడుచేశావా?"
"లేదు."
"చేసే ఉంటావు" అంది ఐలీ,
వాదనకి సర్దుకుని కూర్చుంటూ.