బరువు చూసి తీస్కో

పచ్చలైటు ఎలిగిందంటే నిండిందనే గదా అనుకున్న.
పొద్దుగాల ట్యాంకు ఈపుకు కట్టుకొని
మూతికి తువ్వాల సుట్టుకొని
జంగారెడ్డి పత్తిచేన్ల దిగిన.
మూడో సాలు కాడ పంపు దగ్గింది,
నాజిలు మూతికి ఇంత నురుగొచ్చింది,
ఆగింది.

సగం చేను తడి, సగం పొడి.
అర్ధం మందు తాగిన పురుగు
చావదు, నేర్చుకుంటదంటరు.
జంగారెడ్డి గెట్టు మీద కూసొని చూసిండు,
ఏమనలే.
ఏమన్నా అంటే బాగుండు.

ట్యాంకుకు నలభై నా కూలి.
చేతిపంపు కొట్టే రోజులు పోయినయి.
ఎడమ జబ్బ చెవి దాంక లేవదు,
మా ఊరి పాత బోరు నీళ్లు
బొక్కలల్ల ఇంకా కూసొనే ఉన్నయి.
బ్యాటరీ స్ప్రేయరు కొన్ననాడు
మూడో చెయ్యి మొలిసినంత సంబురపడ్డ.
ఆ చేతికి రాత్రి బువ్వ పెట్టేది
గోడకు యాలాడే గీ నల్ల డబ్బ.

ట్యాంకుతోని వచ్చిన చార్జరు
బోనాలకు మొదలైంది, బతుకమ్మ దాంక రాలే.
రెండోది చండూరు అంగట్ల, నూటాఎనభై.
ఊపితే లోపలేదో గలగలమంది,
పసిపిల్ల గిలక లెక్క.
గ్యారంటీ అడిగితే అమ్మెటాయన నవ్విండు,
ఆ నవ్వే గ్యారంటీ అనుకొని తెచ్చుకున్న.
మూడోది మా బామ్మర్ది సిద్ధులు పట్నంల కొన్నది.
అట్టపెట్టె మీద బొమ్మ మంచిగుండె.
మూడు రాత్రులు పచ్చగ ఎలిగి
నన్ను ఎర్రోణ్ని జేసింది.

దేవరకొండ బస్టాండు ఎనక మౌలాలి కొట్టు.
కొట్టంటే తలుపంత సందు.
రంగురంగుల వైర్ల నడుమ మోకాళ్లు ముడుసుకొని
గుంటమగ్గంల మా తాత కూసున్నట్టే కూసుండు.
నా చార్జరు అందుకున్నడు.
ఇప్పలే, మీటరు పెట్టలే.
అరచేతిల వెట్టుకొని రెండుసార్లు జోకిండు.

"రాగి లేదు బాయ్ దీంట్ల.
గాలికి లైటు పెట్టి అమ్మిన్రు."

ఆ లైటుకు బ్యాటరీతోని మాటలే లేవట.
గంటలు లెక్కవెట్టుకొని
టైమైతే రంగు మారుస్తదట,
పని కాకున్నా ఐదింటికి ఇంటికి పోయే
ఆఫీసు సారు లెక్క.

బల్ల కిందికెళ్లి ఒకటి గుంజిండు.
పాత ఇన్వర్టరు పొట్టల రాగి తీసి
తనే సుట్టుకున్నడట.
రేకుడబ్బ, నాలుగు స్క్రూలు,
అండ్ల మూడే ఒక తీరుయి.
లైటే లేదు.

"మరి నిండిందని ఎట్ల ఎరుక?"

"చెయ్యి పెట్టు.
ముందుగాల ఏమనదు.
కొంచెమయినంక
పొదిగే కోడి కిందికి చెయ్యి వోయినట్టుంటది.
సల్లవడ్డదా, ఇగ తీసెయ్."

ఆరువందల యాభై.
పదహారు ట్యాంకులు, మీద పది రూపాలు.
బేరం చేద్దామని నోరు తెరిసిన,
చేతిల బరువు చూసి మూసుకున్న.

బస్సుల ఒళ్లె వెట్టుకుంటే తొడ తిమ్మిరెక్కింది.
"ఏందన్నా అది, బాట్లా?" అన్నది కండక్టరమ్మ.
మల్లేపల్లి దాటినంక
ఒక గుంతల బస్సు ఎగిరితే
రెండు చేతుల్తోని కడుపుకు అదుముకున్న.

గిప్పుడు నడిరాత్రి.
భారతమ్మ అటు మళ్లి పండుకున్నది,
"పండుకోవా, దాన్ని చూస్తె ఏమొస్తది" అని.
రేకు మీద చెయ్యి పెట్టుకొని కూసున్న.
సన్నగ గుయ్యిమంటుంది.
తాత కాలు ఆడిస్తే
మా ఇంటి నేల గిట్లనే అదురుతుండె.
ఆ మగ్గం గుంట మట్టితోని పూడ్సినం,
దాని మీదనే ఈ ట్యాంకు పెడ్తున్న.

వెచ్చగుంది.
ఇంకా వెచ్చగనే ఉంది.
ఒక కునుకు వట్టి లేస్తె
రేకు సల్లగ తలిగింది.
వైరు పీకిన.

తెల్లారితే జంగారెడ్డి మిగిలిన సగం.
ఆ సగానికి పైసలు అడగొద్దనుకున్న.
అడుగుతనో ఏమో.